నంబరు పలక – నిఘా కన్ను



‘సీసీ కెమెరా’ అనే మాట ఇప్పుడు మా చుండూరు ప్రాంతంలో పాలు పోసే అమ్మ మొదలుకొని ట్రాక్టరు తోలే కుర్రవాని వరకు అందరి నోటా వినవస్తున్నది. దీనికి తెలుగు మాట కావాలని మనలో ఎవరైనా చర్చ లేవదీస్తే నా ఓటు ‘నిఘా కన్ను’కే. ‘నిఘా’ పారసీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. అక్కడ దానికి చూపు అని అర్థం. ఆ చూపుకు మన కన్ను తోడైతే తప్పేమున్నది? ఇక బండికి ముందూ వెనుకా బిగించే నంబరు ప్లేటును ‘నంబరు పలక’ అంటాను. పలక అనగానే బడిపిల్లవాని చంకలోని నల్ల పలక గుర్తుకు రావడం నా వృత్తి చేసిన పని. ఈ టపా ఆ కన్నుకూ ఈ పలకకూ మధ్య ఉన్న పేచీని గురించి.

పేచీ ఏమిటంటారా? కన్ను బండిని చూస్తుంది, పలకను మాత్రం చదవదు. కెమెరా బిగించుకొన్నవారిలో చాలామందికి ఈ సంగతి అవసరం పడిన రోజుననే తెలుస్తుంది. అప్పటివరకు చేతిఫోనులో వీధి అంతా కనబడుతున్నది గదా అన్న ధీమాతో ఉంటారు.

మా రోడ్డు మీద అటువంటి రోజు ఒకటి వచ్చింది. సార్వా కోతల కాలం. చీకటి పడే వేళ, పని ముగించుకొని సైకిలు మీద ఇంటికి వస్తున్న ఒక కూలి మనిషిని వెనుక నుంచి ఒక వాహనం కొట్టి ఆగకుండా పోయింది. ప్రాణం దక్కింది గాని ఎడమ కాలు మోకాలి క్రిందికి తీసివేయవలసి వచ్చింది. ఆయన పేరు ఇక్కడ వ్రాయను. ఆయన పిల్లలు ఇద్దరూ నా దగ్గర చదువుకొన్నవారే. ఆ దారిలో మూడు నిఘా కన్నులు ఉన్నవి. ఒకటి మిల్లు గేటు మీద, ఒకటి ఎరువుల కొట్టు ముందు, ఒకటి ఒక మేడ పిట్టగోడ మీద. మూడింటిలోనూ బండి పడింది. నంబరు ఒక్కదానిలోనూ లేదు. నంబరు ఉండవలసిన చోట సున్నపు మరక వంటి తెల్లని అలుకు మాత్రం ఉన్నది. పెద్దవాడు నా దగ్గరకు ఫోను పట్టుకొని వచ్చి, “మాస్టారూ, బండి కనపడతానే ఉంది. రంగు కనపడతంది, వెనకాల కట్టిన తాడు కూడా కనపడతంది. నంబరెందుకు కనపడదండీ?” అని అడిగాడు.

మంచి ప్రశ్న. తరగతిలో ఇటువంటి ప్రశ్న వస్తే ‘రేపు చెబుతాను’ అని చెప్పి, ఆ రాత్రి పుస్తకాలు తిరగవేయడం నాకు అలవాటు. అలాగే చేశాను. ఇంతకూ ఆ నంబరుకు ఉన్న విలువ ఎంతో ముందు చెప్పాలి.

గుద్ది పారిపోయిన వాహనం ఏదో తెలియనప్పుడు మోటారు వాహనాల చట్టం 161వ సెక్షను క్రింద బాధితునికి పరిహారం వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన పథకం ప్రకారం మరణిస్తే 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. అంతకుముందు ఇవి 25 వేలు, 12,500 మాత్రమే. కాబట్టి పెంచారనే చెప్పుకోవాలి. కాని వాహనం నంబరు తెలిస్తే దారి వేరు. అప్పుడు మోటారు ప్రమాదాల ట్రిబ్యునలుకు పోవచ్చు. గాయపడినవాని వయస్సు, రాబడి, పోయిన పని శక్తి, వైద్యానికి అయిన ఖర్చు అన్నీ అక్కడ లెక్కకు వస్తాయి. ప్రతి బండికీ మూడవ పక్షం బీమా తప్పనిసరి గనుక, బీమా ఉన్న బండి అయితే సాధారణంగా సొమ్ము బీమా సంస్థ నుంచి వస్తుంది. అంటే కాలు ఒకటే, గాయం ఒకటే. పలక చదివితే జీవితకాలపు కూలి లెక్కకు వస్తుంది, చదవకపోతే 50 వేలతో సరి. ఆ పిల్లవాని ప్రశ్న వెనుక ఉన్నది ఈ తేడాయే.

ఇప్పుడు పలకను చూద్దాం. వాహనాలకు నంబరు వేయడం 1893లో పారిస్ పోలీసులతో మొదలైంది. మన దేశంలో ఆ అక్షరాల కొలతలు కూడ చట్టంలోనే ఉన్నవి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి (1989) 51వ నియమం ప్రకారం కార్లు, లారీల వంటి వాటికి అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరానికీ అక్షరానికీ ఎడం 10. మోటారు సైకిలు వెనుక పలక మీద అక్షరాలు 35, అంకెలు 40 మిల్లీమీటర్ల ఎత్తు. గీత మందం 7. ముందు పలక మీద అంతకన్న చిన్నవి. 50వ నియమం ఇంకొక మాట చెబుతుంది. అక్షరాలు ఆంగ్లంలోనూ, అంకెలు మనం రోజూ లెక్కలు వేసుకొనే 1, 2, 3లలోనూ ఉండాలట.

తెలుగు పండితుడనై ఉండి దీనిని సమర్థిస్తానా అని మీలో ఎవరైనా అడుగవచ్చు. సమర్థిస్తాను. తెలుగు అంకెలతో నంబరు వ్రాయించుకొన్న మోటారు సైకిళ్ళు నేనూ చూచాను. మనస్సుకు ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ పలక ముచ్చటకు పెట్టినది కాదు. ఎవరో తెలియని మనిషి, ఏ రాష్ట్రంవాడో, ఒక్క క్షణం చూచి గుర్తు పెట్టుకోవడానికి పెట్టినది. పెళ్ళి శుభలేఖకు వాడే వంపుల అక్షరాలతో వ్రాయించినా, అభిమాన నటుని బొమ్మ మధ్యలో ఇరికించినా జరిగేది ఒకటే, చదువరికి ద్రోహం. ఈ గొడవ వదిలించడానికే 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ అధిక భద్రత నంబరు పలకలు తప్పనిసరి చేశారు. అల్యూమినియం రేకు, ఉబ్బెత్తు అక్షరాలు, అశోకచక్రపు హోలోగ్రాము, వెలుగు పడితే తిరిగి మెరిసే పూత. ఈ మెరిసే పూత సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. పూర్వం ‘ఏపీ 07’ అని కనబడితే చాలు, గుంటూరు జిల్లా బండి అని తెలిసేది. 16 అయితే కృష్ణా, 27 అయితే ప్రకాశం. 2019లో రాష్ట్రమంతటికీ ‘ఏపీ 39’ అని ఒకే వరుస తెచ్చారు. మా చుండూరు మాత్రం 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి మారింది. బండి పలక మీద ఆ మార్పు జాడయే లేదు. కాబట్టి ఇప్పుడు సగం నంబరు చదివితే సగం పని అయినట్లు కాదు. మొత్తం చదవాలి.

ఇక కన్ను సంగతి. కెమెరా బొమ్మ చుక్కలతో ఏర్పడుతుంది. పిక్సెళ్ళంటే ఆ చుక్కలే. ముగ్గు వేసే ఆడపిల్లలకు ఈ శాస్త్రం వేరే నేర్పనక్కరలేదు. ఐదు చుక్కల వరుస పెట్టి రథం ముగ్గు వేయమంటే నవ్వుతారు. మామూలుగా వీధులలో బిగించే 2 మెగాపిక్సెళ్ళ కెమెరాకు అడ్డంగా 1920 చుక్కలు ఉంటవి. దానికి అలవాటుగా పెట్టేది 2.8 మిల్లీమీటర్ల లెన్సు. ఆ లెన్సు 10 మీటర్ల దూరాన సుమారు 20 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. 1920ని 20తో భాగిస్తే మీటరుకు 96 చుక్కలు. ఈ లెక్కన కారు పలక మీది 65 మిల్లీమీటర్ల అక్షరానికి దక్కేవి ఆరు చుక్కలు. మోటారు సైకిలు అక్షరానికి మూడు. అక్షరపు గీతకు ఒక చుక్క కూడ పూర్తిగా రాదు. మూడు చుక్కలలో ఎనిమిదికీ ‘బి’కీ, సున్నకూ ‘డి’కీ భేదం ఎలా తెలుస్తుంది? మన లిపిలో అయితే ‘వ’కు తలకట్టు ఎక్కడ అంటిందో, ‘ప’కు ఎక్కడ విడిందో తెలియక చదివినట్లుంటుంది.

‘తరువాత పెద్దది చేసి చూడవచ్చు గదా’ అంటారు. సినిమాలలో అలాగే చూపిస్తారు. పోలీసు అధికారి ఒక మీట నొక్కగానే మసక బొమ్మ తేటపడిపోతుంది. నిజానికి పెద్దది చేస్తే చుక్క పెద్దది అవుతుంది, అంతే. లేని అక్షరం పుట్టదు. ‘4కె కెమెరా పెడితే?’ అని ఇంకొకరు. దానికి అడ్డంగా 3840 చుక్కలు. ఆరు పన్నెండవుతవి, మూడు ఆరవుతవి. పగలు, ఆగిన కారు అయితే గట్టెక్కవచ్చునేమో గాని, పోతున్న మోటారు సైకిలుకు అదీ చాలదు.

దీనికి పరిష్కారం ఖరీదైన కన్ను కాదు, ఇరుకైన చూపు. అదే 2 మెగాపిక్సెళ్ళ కెమెరాకు 12 మిల్లీమీటర్ల లెన్సు పెడితే 10 మీటర్ల దూరాన నాలుగున్నర మీటర్ల వెడల్పు మాత్రమే కనబడుతుంది. అంటే రోడ్డులో ఒక వరుస. అప్పుడు మీటరుకు 420కి పైగా చుక్కలు. కారు అక్షరానికి 27, మోటారు సైకిలు అక్షరానికి 15. ఇక చదవవచ్చు. ఇరవై మీటర్లు చూస్తూ ఒక్క అక్షరమూ చదవని కన్ను, నాలుగున్నర మీటర్లకు కుదించుకొంటే ప్రతి అక్షరమూ చదువుతుంది.

చుక్కలు సరిపోయినా బండి ఆగి ఉండదు గదా! గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. కెమెరా తన రెప్పను సెకనులో 25వ వంతు సేపు తెరిచి ఉంచితే ఆ లోగా బండి 44 సెంటీమీటర్లు జరుగుతుంది. దాదాపు పలక నిడివి అంత. మా మూడు కన్నులలో పడిన సున్నపు మరక ఇదే. చీకటి పడేకొద్దీ కెమెరా వెలుగు కోసం రెప్పను ఇంకా ఎక్కువ సేపు తెరుస్తుంది. మరక ఇంకా సాగుతుంది. రెప్పను 500వ వంతుకు తగ్గిస్తే జరుగుబాటు రెండు సెంటీమీటర్లు, 1000వ వంతుకు తగ్గిస్తే ఒక సెంటీమీటరు. అక్షరపు గీత మందమే ఒక సెంటీమీటరు గనుక అదీ అంతంతమాత్రమే. అయితే బండి కెమెరాకు అడ్డంగా పోతేనే ఈ లెక్క అంతా వర్తిస్తుంది. ఎదురుగా వస్తున్నా, ఎదుట నుంచి దూరంగా పోతున్నా చూపులో ప్రక్కకు జరిగేది స్వల్పం. అందుచేత కెమెరాను రోడ్డుకు అడ్డంగా కాక, రోడ్డు వెంబడి చూచేటట్లు, చూపుకూ బండి దారికీ మధ్య కోణం 30 డిగ్రీలు మించకుండా పెట్టమంటారు. స్తంభం కొనకు ఎక్కిస్తే పలక పైనుంచి నొక్కినట్లు పొట్టిగా కనబడుతుంది గనుక మరీ ఎత్తూ పనికిరాదు.

రాత్రి వేళ అందరూ భయపడేది హెడ్‌లైట్లకు. ఎదురుగా వచ్చే దీపాల వెలుగుకు కెమెరా కూడ మనవలెనే కళ్ళు చికిలిస్తుంది. మా ఊళ్ళో తిరిగేవి మోటారు సైకిళ్ళే ఎక్కువ, వాటి పెద్ద పలకేమో వెనుక ఉన్నది. కాబట్టి వెనుక నుంచి చూడడం మేలు. ఇక్కడే ఆ మెరిసే పూత పనికి వస్తుంది. ఆ పూత తన మీద పడిన వెలుగును వచ్చిన దిక్కుకే తిరిగి పంపుతుంది. కెమెరా ప్రక్కనే మన కంటికి కనబడని పరారుణ దీపం పెట్టి, రెప్పను 1000వ వంతుకు బిగించి ఉంచితే, చుట్టూ ఉన్నదంతా కాటుక చీకటి. ఆ చీకటిలో పలక ఒక్కటే తెల్లగా, దాని మీద అక్షరాలు నల్లగా తేలుతవి. మొదటిసారి అది తెర మీద చూచినప్పుడు నాకు సుద్దముక్క, నల్లబల్ల తలక్రిందులైనట్లు తోచింది.

ఇవన్నీ ఏదో కొత్త కనుగోలు కాదు. యంత్రం చేత నంబరు చదివించే పద్ధతిని ఇంగ్లండు పోలీసుల పరిశోధనా విభాగం 1976లోనే సాధించింది. మన వైపు నిఘా కన్నులు పెరిగినది ఈ మధ్యకాలంలోనే. హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న జంట పేలుళ్ళు జరిగినవి. ఆ యేడే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాభద్రత చట్టం వచ్చింది. వందమంది గుమికూడే చోట్ల కెమెరాలు పెట్టాలని, దృశ్యాలు 30 రోజులు దాచి ఉంచాలని అందులోని నిబంధన. తరువాత హైదరాబాదు పోలీసులు జనం చందాలతో వీధి వీధికీ కెమెరాలు పెట్టించి, ఆ పథకానికి శ్రీశ్రీ మాటనే తీసుకొని ‘నేను సైతం’ అని పేరు పెట్టారు. కవి మాటకు ఇటువంటి కొలువు దొరుకుతుందని ఆయన ఊహించి ఉండడు.

మా వీధి చివర కూడ చందాలతోనే కెమెరా పెట్టాలని ప్రమాదం తరువాత అనుకొన్నారు. తెనాలి నుంచి కెమెరాలు బిగించే కుర్రవాడు వచ్చాడు. పనిమంతుడు, మర్యాదస్థుడు. నా లెక్కల కాగితం చూచి, “ఇవన్నీ నిజమేనండీ మాస్టారూ, నాకూ తెలుసు. కాని ఇంత చిన్న ముక్క చూపిస్తే డబ్బులిచ్చినోళ్ళు ఊరుకోరండీ. ఫోనులో వీధంతా కనపడితేనే కెమెరా బాగుందంటారు” అన్నాడు.

అతడు చెప్పినది అక్షరాలా జరిగింది. చందా ఇచ్చిన పెద్దల ముందు ఇరుకు చూపు పెట్టి చూపిస్తే, ఒకరు “మా గేటు కనపడదేం?” అన్నారు. మరొకరు “గుడి మలుపు దాకా రావాలి” అన్నారు. ఇంకొకరు “ఈ మాత్రానికి కెమెరా ఎందుకు, రోడ్డు మీద ఒక బార జాగా చూడటానికా?” అని లేవబోయారు. నేను వాదించలేదు. కూలి మనిషిని కొట్టిన బండి దృశ్యం మూడు కెమెరాలదీ తెర మీద పెట్టించి, ఆ నంబరు చదివి చెప్పండి అన్నాను. ఒకరి తరువాత ఒకరు కళ్ళద్దాలు సవరించుకొని చూచారు. కాసేపటికి ఎవరూ మాట్లాడలేదు. చివరకు తేలినది ఏమిటంటే, వెడల్పు చూపు కెమెరా ఒకటి ఉండాలి, దానికి తోడుగా ఇరుకు చూపు కెమెరా ఒకటి పెట్టాలి. మొదటిది ఏమి జరిగిందో చెబుతుంది, రెండవది ఎవరి బండియో చెబుతుంది. రెండింటి గడియారాలూ ఒకటిగా ఉంటే ఒకదాని మాట మరొకదానికి అతుకుతుంది.

చోటు ఎన్నుకోవడంలో మాకు కలిసివచ్చినది స్పీడు బ్రేకరు. దాని దగ్గర ఎంతటివాడైనా వేగం తగ్గించవలసినదే. దానికి 10 మీటర్ల ఎడంలో, మనిషి కన్న కొంచెం ఎత్తున, బండ్ల వెనుక భాగం కనబడేటట్లు ఇరుకు కన్ను బిగించాడు. రాత్రి ఎనిమిది దాటాక వీధి కుర్రవాళ్ళు తమ బండ్లతో ఒకరి వెనుక ఒకరు దాని ముందు నుంచి పోయారు. కొత్త పలకలన్నీ చదవబడ్డవి. రంగు వేసిన పాత పలకలు కొన్ని మసకగా వచ్చినవి, వాటికి ఆ మెరిసే పూత లేదు మరి. బిగించేవారికి నేను చెప్పదలచినది ఇంతే: ఫోను తెర మీద పగటిపూట బొమ్మ చూచి మెచ్చుకోకండి. రాత్రి, కదిలే మోటారు సైకిలు నంబరు చదివించి చూచిన తరువాతనే డబ్బులు ఇవ్వండి.

దృశ్యం దొరికిన తరువాత కూడ చేయవలసిన పని ఉన్నది. డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది వ్రాసుకొంటూ పోవడం ఈ పెట్టెల స్వభావం; వెంటనే వేరుగా తీసి దాచకపోతే కొద్ది రోజులకు అది ఉండదు. పెట్టెలోని గడియారం తప్పు చూపిస్తే, ఆ వేళకు బండి అక్కడ లేదని వాదించడానికి ఎదుటి వకీలుకు అవకాశం ఇచ్చినట్లే. ఇక కోర్టులో కాపీ చెల్లాలంటే ధ్రువపత్రం కావాలి. పూర్వం సాక్ష్య చట్టం 65బి సెక్షను ఉండేది. అది తప్పనిసరి అని 2020లో సుప్రీంకోర్టు మళ్ళీ స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను వచ్చింది. పెట్టె ఎవరి అధీనంలో ఉన్నదో వారు ఒక భాగం, నిపుణుడు ఒక భాగం నింపాలి. ఆ దృశ్యాన్ని ఎవరూ మార్చలేదని తెలియడానికి ‘హాష్’ అనే గుర్తు అంకె కూడ వేయాలి. మన తాళపత్ర లేఖకులు ప్రతి చివర గ్రంథసంఖ్య వేసేవారు, మధ్యలో ఎవరైనా చేర్చినా తీసినా తెలియాలని. ఈ ఆలోచన దానికి దూరపు చుట్టమే.

సాక్ష్యం అన్నాను గనుక ఆ మాట గురించి రెండు మాటలు. కళ్ళతో ప్రత్యక్షంగా చూచినవాడు సాక్షి అని పాణిని ఆ పదానికి వేరే సూత్రమే చేశాడు. విన్నవాడు కాడు, ఊహించినవాడు కాడు. చుండూరువాడనై ఆ మాటను తేలికగా పలుకలేను. 1991 ఆగస్టు 6న ఈ ఊళ్ళో ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనె సంచులలో కుక్కి తుంగభద్ర మురుగుకాలువలో పడవేశారు. ఆ కేసు విచారణకు ఊళ్ళోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. అక్కడ కెమెరాలు లేవు, మనుషులే సాక్షులు. తమ వారిని పోగొట్టుకొన్నవారు బోను ఎక్కి తాము చూచినది చెప్పారు. చూచినవాడు ఉండడం ఒకటి, ఆ చూచినది నిలవడం మరొకటి అని మా ఊరు అంత కష్టంగా తెలుసుకొన్నది.

అందుచేత యంత్రం మనిషి బదులు సాక్ష్యం చెబుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నంబరు బండిదే గాని నడిపినవానిది కాదు. ఆ వేళ చక్రం వెనుక ఎవరున్నారో చెప్పడానికి మళ్ళీ మనిషే కావాలి, ఆ మనిషికి నోరు విప్పే ధైర్యమూ కావాలి. ఇరుకు కన్ను చేసేది చిన్న పని. ‘ఏదో తెల్ల బండి’ అన్న మాటను ‘ఈ నంబరు బండి’ అన్న మాటగా మారుస్తుంది. కూలి మనిషి కాలికి ఆ చిన్న పనే లేకపోయింది.

ఇంకొక గుణం కూడ ఈ ఇరుకు కన్నులో నాకు నచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. ఊళ్ళలో ఈ హక్కును గురించి అడిగేవారు తక్కువ. ఆడవాళ్ళు మాత్రం పేరు తెలియకుండానే దాని సంగతి ఎరుగుదురు. వెడల్పు చూపు కెమెరా పెట్టిన రోజున ఎదుటి ఇంటి ఇల్లాలు వచ్చి, “అన్నయ్యగారూ, మా వాకిలి అందులో కనపడతందా?” అని అడిగింది. కనబడుతున్నది. కుర్రవాని చేత దానిని ప్రక్కకు తిప్పించి, మిగిలిన కాస్త భాగాన్ని తెర మీద నల్లగా మూయించాము. ఇరుకు కన్నుతో ఈ బాధ లేదు. రాత్రి దానికి ముఖాలు కనబడవు, వాకిళ్ళు కనబడవు. రోడ్డు మీద బార జాగా, అందులో పోయే పలక, అంతే. అందరినీ చూచే కన్ను కన్న, చదవవలసినది మాత్రమే చదివే కన్ను మర్యాద గలది.

ఇంత చేసినా చదవలేనివి మిగిలే ఉన్నవి. కోతల కాలంలో మా రోడ్ల మీద తిరిగే ట్రాక్టరు ట్రక్కులకు చాలావాటికి వెనుక పలక ఉండదు. ఉన్నవాటి మీద చేలోని రేగడి గట్టిపడి ఉంటుంది. ధాన్యం బస్తాల తాడు సరిగ్గా నంబరు మీదుగానే దిగుతుంది. పలక మీద అక్షరమే లేనప్పుడు ఏ లెన్సు మాత్రం ఏమి చదువుతుంది? ట్రాక్టరు తోలేవారిలో సగం మంది నా శిష్యులే గనుక కనబడినప్పుడల్లా, “పలక తుడుచుకో నాయనా” అంటున్నాను. చిన్నప్పుడు కూడ రోజుకు పదిసార్లు ఆ మాట విన్నవారే. నవ్వి, తడిగుడ్డ తీస్తున్నారు కొందరు.

మీ ఊళ్ళలో ఈ ఇరుకు కన్ను పెట్టించినవారుంటే, వాన రాత్రులలో అది ఎలా చదువుతున్నదో వ్యాఖ్యలో తెలుపగలరు. మాకు వానకాలం ఇంకా రాలేదు.

స్వస్తి.